తొంభై గళ్ళు

జూన్ 2, సోమవారం

తమ్ముడు వచ్చాడు. ఒక సంచి, ఒక టూల్‌బ్యాగ్. సంచిలో మూడు జతల బట్టలు, ఒక తువ్వాలు. దువ్వెన లేదు. తాగుడు మాన్పించే వార్డులో ఇరవై మూడు రోజులున్నాడు. ఆరు కిలోలు తగ్గాడు. ముందుగది ఖాళీ చేసి ఇచ్చాం. మా ఆయన తన రాతబల్లను పడగ్గదిలోకి జరుపుకున్నారు. గొణగలేదు. గొణక్కపోతేనే నాకు భయం.

డాక్టరు చెప్పినవి రాసుకుంటున్నాను. రోజూ ఉదయం ఎనిమిదింటికి ఒక మాత్ర. నా ఎదుటే మింగాలి. ఈ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ఒళ్ళు మంట, వాంతులు, గుండెదడ. ఎక్కువ తాగితే ప్రాణానికే ముప్పు. మాత్ర మానేసినా పది పన్నెండు రోజులు దాని పని అది చేస్తుందట. దగ్గుమందుల్లో కూడా ఆల్కహాల్ ఉండొచ్చు, చూసుకోమన్నాడు. చూశాను. ఒక సీసాలో ఉంది. పారబోశాను.

వాడు లిఫ్టు మెకానిక్. మార్చిలో పద్నాలుగో అంతస్తు పైన మెషిన్ రూంలో తాగి దొరికాడు. అప్పుడు లిఫ్టులో మనుషులున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కంపెనీ వాళ్ళు పెట్టిన షరతు ఇది. తొంభై రోజులు మాత్ర వేసుకున్నట్టు ఇంట్లో మనిషి సంతకం, కింద డాక్టరు ముద్ర. అప్పుడు మళ్ళీ పనిలోకి తీసుకుంటారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా లేదు.

స్కేలు పెట్టి చార్టు గీశాను. తొమ్మిది వరసలు, వరసకు పది గళ్ళు. వాడు చూసి, జైల్లో వాళ్ళు గోడ మీద గీతలు గీసుకుంటారు గానీ అక్కా, ఇంత నీటుగా ఎవరూ గీసి ఉండరు అన్నాడు.

మరదలు వెళ్ళిపోయి రెండేళ్ళయింది. వాడికి నలభై ఏడు. నాకు యాభై రెండు. ఉద్యోగం తప్ప వాడికి మిగిలిందేమీ లేదు.

జూన్ 3, మంగళవారం

8.00. మింగాడు. నాలుక ఎత్తి చూపించమన్నాను. చూపించి, వెక్కిరించాడు కూడా.

జూన్ 11, బుధవారం

పదో గడి. చూసినవి రాస్తున్నాను.

నిలబడి తింటాడు. కూర్చోమంటే కూర్చుంటాడు, రెండు ముద్దలయ్యాక మళ్ళీ లేస్తాడు. నాలుగు నిమిషాల్లో భోజనం అయిపోతుంది. బిస్కెట్ ప్యాకెట్టు విప్పితే అయిపోవాల్సిందే. నిన్న మిక్సీ శబ్దం ఎక్కువగా వస్తోందని అడక్కుండా విప్పేశాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి వంటగది గట్టు నిండా స్క్రూలు. బాగుచేశాడు, ఇప్పుడు శబ్దం లేదు. కానీ మధ్యాహ్నం వంట ఒకటిన్నరకయింది.

కరెంటు ఆఫీసుకు పంపాను. ముందు ముగ్గురున్నారట, తిరిగి వచ్చేశాడు. ముగ్గురేగా అన్నాను. ముగ్గురే, కానీ ఆ మూడోవాడి చేతిలో ఫైలు లావుగా ఉంది అన్నాడు. దారిలో తన కొత్త చెప్పులు గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చేసి, అతని పాతవి వేసుకుని వచ్చాడు. ఎందుకంటే ఇవ్వాలనిపించిందట.

ఆయన అన్నారు, మీ వాడు మన ఇంట్లో ఉంటే కుక్కర్ కూడా మూడో విజిల్ దాకా ఆగడానికి మొహమాటపడుతుంది అని. వాడు పడీ పడీ నవ్వాడు. బావకు నా మీద కోపం లేదక్కా అన్నాడు. ఉంది. ఆయన కోపం పళ్ళ మధ్య ఉంటుంది, వాడికి తెలియదు.

జూన్ 19, గురువారం

కౌన్సెలింగ్. కౌన్సెలర్ అమ్మాయిది, పెళ్ళయి వెళ్ళిన మా కూతురి వయసు. చిన్న గది, రెండు కుర్చీలు ఇనుపవి, ఒకటి చక్రాలది. వాడు చక్రాల కుర్చీ తీసుకున్నాడు. అది ఆ అమ్మాయిది.

ఆమె ఒక ప్రశ్న అడిగింది. రేపు ఒక రోజు సెలవు కావాలా, నెల ఆగితే వరసగా నాలుగు రోజులు కావాలా అని. ఆమె నాలుగు అనేలోపే వాడు రేపు అన్నాడు. పది రోజులైతే? రేపే. నెల తర్వాత నువ్వు ఈ గదిలో ఉంటావో లేదో నాకేం తెలుసమ్మా అన్నాడు. ఆమె నన్నూ అడిగింది, ఊరికే. నెల ఆగుతాను, కానీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి అన్నాను. ఆమె నవ్వి, ఇద్దరి జవాబులూ రాసుకుంది. నాది ఎందుకు రాసుకుందో తెలియలేదు.

చిన్నప్పటి సంగతులు అడిగింది. నేనే చెప్పాను. అమ్మ పోయింది, నాన్న మమ్మల్ని పెద్దమ్మ దగ్గర పెట్టాడు, అందరిలాగే పెరిగాం అని. వాడు కుర్చీలో గిర్రున తిరిగి కిటికీ వైపు చూశాడు.

జూలై 6, ఆదివారం

అందరిలాగే పెరిగాం అన్నది అబద్ధం. ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తాను.

అమ్మ పోయేటప్పటికి నాకు తొమ్మిది, వాడికి నాలుగు. పెద్దమ్మ చెడ్డది కాదు. ఆమెకు నలుగురు పిల్లలు, మేం ఇద్దరం. అన్నం గిన్నె ఎప్పుడు దించితే అప్పుడే భోజనం. ఆ సమయానికి అక్కడ లేనివాళ్ళకు లేదు. నేను కొంచెం తిని కొంచెం దాచేదాన్ని, రొట్టెముక్క గుడ్డలో చుట్టి దిండు కింద. వాడు తనది తినేసి నాది వెతికేవాడు. దొరికితే తినేవాడు. ఒకసారి జుట్టు పట్టుకుని కొట్టాను. ఏడవకుండా నములుతూనే ఉన్నాడు.

నాన్న వచ్చినప్పుడల్లా వచ్చే ఆదివారం తీసుకెళ్తానని చెప్పి వెళ్ళేవాడు. ఆదివారం వాడికి స్నానం చేయించి తల దువ్వి మెట్ల మీద కూర్చోబెట్టేదాన్ని. మొదట్లో బండి చప్పుడు వినిపిస్తే చాలు గేటు దాకా పరిగెత్తేవాడు. తర్వాత మెట్ల మీద కూర్చోబెడితే కరిచేవాడు. నాన్న కూడా తాగేవాడు, కాబట్టి ఇది రక్తంలోనే ఉందని మా ఆయన అంటారు. రక్తం సంగతి నాకు తెలియదు. ఆ మెట్ల సంగతి తెలుసు.

మెట్ల కింద సామాన్ల గది ఉండేది. వాడు ఏదైనా తీసి తింటే పెద్దనాన్న అందులో పెట్టి గొళ్ళెం వేసేవాడు. తలుపు బద్దలయ్యేలా ఏడ్చేవాడు. నేను బయట కూర్చుని లెక్కపెట్టేదాన్ని. వెయ్యి లెక్కపెట్టేసరికి తలుపు తీస్తారు నాన్నా అనేదాన్ని. లోపల్నుంచి వాడూ నాతోపాటు లెక్కపెట్టేవాడు. వంద దాకా వచ్చు వాడికి, తర్వాత నేను అంటే అనేవాడు. అలా ఏడుపు ఆగేది. ఆ ఇంట్లో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను.

8.00. మింగాడు. ముప్పై ఐదు.

జూలై 17, గురువారం

మళ్ళీ కౌన్సెలింగ్. ఈసారి వాడు ఇనుప కుర్చీలో కూర్చున్నాడు.

మొదటిసారి ఎప్పుడు తాగావని అడిగింది. పద్నాలుగో ఏట, పెద్దనాన్న గ్లాసు అడుగున మిగిలింది అన్నాడు. ఎందుకు తాగావు అంది. అక్కడుంది కాబట్టి అన్నాడు. బాగుందా? బాగోలేదు. కానీ తాగిన నిమిషానికే ఏదో ఒకటి అవుతుంది కదమ్మా, వేరే ఏదీ అంత మాట మీద ఉండదు అన్నాడు.

ఆగడం ఎందుకు కష్టమని అడిగింది. వాడు నా వైపు చూడకుండా, మామూలు గొంతుతో చెప్పాడు. మెట్ల కింద గదిలో పెట్టేవాళ్ళు. అక్క బయట కూర్చుని వెయ్యి లెక్కపెడితే తలుపు తీస్తారని చెప్పేది. నేను లెక్కపెట్టేవాణ్ణి. వెయ్యి అయ్యేది. తలుపు తీసేవాళ్ళు కాదు. అక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. కొడితే ఓర్చుకునేవాణ్ణి, చీకటికి అలవాటు పడ్డాను, కానీ తొమ్మిది వందల తొంభై దగ్గర గొంతు తడారిపోయేది, అది మాత్రం ఇప్పటికీ వస్తుంది అన్నాడు. అక్క తప్పేం లేదు, దానికీ పదేళ్ళే అని కూడా అన్నాడు.

నేను బ్యాగు జిప్పు తీసి వేసి, మళ్ళీ తీశాను. ఆ అమ్మాయి బ్యాగులోకి చూసింది. నేను ఎక్కడికి వెళ్ళినా గుడ్డలో చుట్టి పెట్టుకునే రెండు రొట్టెముక్కలు కనిపించాయి. మరి మీరెలా ఉన్నారు మేడమ్ అని అడిగింది. నాకేం, బాగానే ఉన్నాను అన్నాను.

వెళ్ళేటప్పుడు ఆమె అన్నది గుర్తున్నంత వరకు రాస్తున్నాను. ఆగితే ఉన్నది కూడా పోయే ఇంట్లో ఆగకపోవడమే తెలివి. నాలుగేళ్ళవాడు అది నేర్చుకున్నాడు, బాగా నేర్చుకున్నాడు. ఇల్లు మారింది గాని నేర్చుకున్నది మారలేదు, అంతే. ఇది వాడికి చెప్పినట్టే ఉంది, నాకు చెప్పినట్టూ ఉంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కోపం వచ్చిందా అన్నాడు. లేదన్నాను. రొట్టె పెట్టవా అన్నాడు. రెండూ ఇచ్చాను. స్టాపు వచ్చేలోపు తినేశాడు.

నలభై మూడేళ్ళుగా నా ఖాతాలో జమ కింద వేసుకున్నది ఖర్చు కింద వేయాల్సి వచ్చింది.

జూలై 18, శుక్రవారం

8.00. మింగాడు. ఇల్లు ఊడ్చాను. ఇంకేమీ చేయలేదు.

ఆగస్టు 5, మంగళవారం

అరవై ఐదు. చార్టు ఇప్పుడు వాడే తీసుకొచ్చి నా ముందు పెడుతున్నాడు. పెన్ను మూత కూడా తీసి ఇస్తున్నాడు.

టూల్‌బ్యాగ్ మొత్తం తీసి ఒక్కొక్కటీ నూనెగుడ్డతో తుడిచాడు. లిఫ్టు తాడు తెగితే ఏమవుతుందని ఆయన అడిగారు. ఏమీ కాదు బావా, కిందికి వేగం పెరగగానే సేఫ్టీ బ్రేకు పట్టేస్తుంది, రెండడుగుల్లో ఆగుతుంది, అది నేను నెలనెలా చెక్ చేసేవాణ్ణి అన్నాడు. ఆయన అరగంట విన్నారు. భోజనం దగ్గర వాడి పళ్ళెంలో గుడ్డు ఆయనే వేశారు.

వాడు ఒకదాని కోసం ఎదురుచూడటం నేను మెట్ల రోజుల తర్వాత చూడలేదు. చూస్తుంటే సంతోషం కాలేదు. కాళ్ళు పీకాయి.

ఆగస్టు 22, శుక్రవారం

ఉదయం 11.10కి కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. చార్టు మీద సంతకం నాది కాబట్టి నాకే చేశాడట. ఒకటో తారీఖు నుంచి మెయింటెనెన్స్ పని మొత్తం కాంట్రాక్టరుకు ఇచ్చేశారు. పాతవాళ్ళనే తొమ్మండుగురిని తీసేశారు. తిరిగి తీసుకోవడమన్న మాటే లేదు. పెద్దవాళ్ళ నిర్ణయమమ్మా, నా చేతిలో ఏమీ లేదు అన్నాడు. తొంభై రోజులు మాత్రం పూర్తి చేయించండి, ఆరోగ్యానికి మంచిది అన్నాడు. థాంక్స్ చెప్పాను. ఎందుకు చెప్పానో.

వాడు అప్పుడు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాడు. ఎవరక్కా అన్నాడు. రాంగ్ నంబర్ అన్నాను.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. కౌన్సెలర్ అమ్మాయి సెలవులో ఉంది, వచ్చే గురువారం దాకా రాదు. ఆమె ఉన్నప్పుడే చెప్పండి, మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ప్రమాదమని గుర్తుపెట్టుకోండి అని నర్సు చెప్పింది. ఆయనా అదే అన్నారు. ఎనభై రెండు దాటాడు, ఇంకెంత, తొంభై కానీ, అప్పుడు చూద్దాం అన్నారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది.

ఆగస్టు 23, శనివారం

ఎనభై మూడు. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం యూనిఫాం తెచ్చి ఇచ్చాడు, కాలరు సరిగ్గా రావడం లేదు, నువ్వు ఇస్త్రీ చెయ్యి అని. చేశాను. జేబు మీద కంపెనీ పేరు ఉంది, దాని మీద కూడా చేశాను. వాడు పక్కన నిలబడి, ఇంకా ఏడు రోజులా అక్కా, నా వల్ల అయ్యేట్టు లేదు అన్నాడు.

ఇంకెంత నాన్నా, ఏడే కదా అన్నాను.

ఆ గొంతు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు. ఇస్త్రీపెట్టె అక్కడే ఉంచేశాను, చొక్కా కాలలేదు, వాడే తీశాడు.

ఆగస్టు 24, ఆదివారం

8.00. మింగాడు. ఎనభై నాలుగు.

మాత్రకు ముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా అని ఆలోచించాను. ముందు చెబితే మింగడు. తర్వాత చెబితే ఒంట్లో మాత్ర ఉండగా బయటికి వెళ్తాడు. నిన్నటి మాత్ర ఎలాగూ ఒంట్లోనే ఉంది. రెండూ ఒకటే. గురువారం దాకా ఆగడం ఒక్కటే వేరు. అది నా వల్ల కాలేదు.

8.20. చెప్పాను. ఉద్యోగం లేదురా, తొంభై అయినా ఇవ్వరు అన్నాను. బతిమాలే మాటలు ఏవీ కలపలేదు.

ఎప్పుడు తెలిసింది అన్నాడు. శుక్రవారం అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పరవాలేదక్కా, ఈసారి రెండు రోజులేగా అన్నాడు.

8.35. వెళ్ళాడు. ఫోను బల్ల మీద ఉంది.

10.15. రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అన్నారు. అనాల్సిందే అన్నారు. ఇక్కడ రాయను.

12.40. ఆయన స్కూటర్ మీద వెతికి వచ్చారు. చుట్టుపక్కల మూడు మద్యం షాపులు, బస్‌స్టాండు, కంపెనీ గేటు. లేడు. మళ్ళీ వెళ్ళారు.

3.10. బెల్లు. వాడే. ముఖం ఇటుక రంగులో ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాగానక్కా, రెండు గుక్కలు అన్నాడు. గడప మీదే వాంతి చేసుకున్నాడు. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది. టాక్సీ పిలిచాను. బ్యాగులో మాత్రల స్ట్రిప్, పాత చీటీలు, తువ్వాలు. దారంతా, లెక్కపెట్టొద్దక్కా అన్నాడు. నేను పెట్టడం లేదు. పెదవులు కదిలాయేమో.

ఆగస్టు 26, మంగళవారం

బతికాడు. నిన్న మధ్యాహ్నానికి బీపీ నిలబడింది. తాగింది తక్కువ, తెచ్చింది త్వరగా అన్నాడు డాక్టరు.

ఎందుకు తాగావు అని అడగలేదు. వాడే చెప్పాడు. ఊరంతా తిరిగాడట. కాళ్ళు నొప్పి పుట్టి ఆగిన చోట ఎడంపక్క మద్యం షాపు ఉంది, టీ కొట్టు ఉంటే టీ తాగేవాణ్ణి అన్నాడు. నమ్మాలనుంది.

ఇదివరకు తాగితే మూడు రోజులు కనిపించేవాడు కాదు. ఈసారి తిన్నగా ఇంటికెందుకు వచ్చావని అడిగాను. చెప్పులు తెగిపోయాయి, ఎక్కడికి పోను అన్నాడు.

చెప్పులు మంచం కిందే ఉన్నాయి. తెగలేదు. చూశాను.

ఇంటికి వచ్చి ఎనభై నాలుగో గడిలో నా సంతకం పక్కన రాశాను, తాగాడు, రెండు గుక్కలు అని. ఇక దాన్ని ఎవరు చూస్తారు అన్నారు ఆయన. ఎవరూ చూడరు. అయినా అది రాయకపోతే, తొంభై నింపి నేను ఆ కాగితాన్ని పట్టుకుని ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కేదాన్ని. నాకు నేను తెలుసు. లిఫ్టుల్లో మనుషులు ఎక్కుతారు.

సెప్టెంబర్ 4, గురువారం

కౌన్సెలర్ అమ్మాయిని కలిశాం. సెలవులో ఉన్నందుకు సారీ చెప్పింది. నేను శుక్రవారం దాచి ఆదివారం చెప్పడం తప్పా ఒప్పా అని అడిగాను. తాగాడు కాబట్టి తప్పు, ఇంటికొచ్చాడు కాబట్టి ఒప్పు, లెక్క మీరే తేల్చుకోండి మేడమ్ అంది. ఇలాంటి జవాబుకు టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాం.

తొంభై రోజుల దూరంలో ఏదీ పెట్టకండి, పొద్దున మొదలై సాయంత్రానికి చేతికొచ్చేవి వెతకండి అని వాడికి చెప్పింది. అయితే నాకు బిస్కెట్ ప్యాకెట్టు రాసివ్వు అన్నాడు.

సెప్టెంబర్ 8, సోమవారం

వీధి చివర మోటార్ వైండింగ్ షాపులో చేరాడు. కాలిపోయిన ఫ్యాన్లు, పంపుసెట్లు. ఓనరు ముసలాయన, నోరు మంచిది కాదు. మొదటి రోజే, రాగితీగ చుట్టలు ఎక్కించేటప్పుడు ఊపిరి కూడా లెక్క ప్రకారం పీల్చాలి, నీకు అంత ఓపికుందా అని తిట్టాడట. లేదు, అందుకే సాయంత్రానికి తిరిగే ఫ్యాను ఇవ్వండి, రేపటి ఫ్యాను వద్దు అన్నాడట వీడు. కూలి ఏ రోజుది ఆ రోజే.

మాత్రల స్ట్రిప్ తన దగ్గరే ఉంచుకుంటానంటే ఇచ్చేశాను. కొత్త చార్టు గీయబోతే స్కేలు తీసి టూల్‌బ్యాగ్‌లో పడేసుకున్నాడు. పనికొస్తుందట.

సెప్టెంబర్ 13, శనివారం

పనికి వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. వంగి వాసన చూశాను. లేదు. కళ్ళు మూసుకునే, ఏమీ లేదులే అక్కా, అలిసిపోయాను అన్నాడు. నేనూ అలిసిపోయాను అన్నాను. మా మధ్య ఇంత నిజమైన మాట ఈ మధ్య జరగలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

తమ్ముడు పనికి వెళ్ళాడు. ఈ రోజు వెళ్ళాడు.

బీరువా పై అరలోంచి కొత్త దుప్పటి తీశాను. పెళ్ళయిన ఏడాది కొన్నది, ఎవరైనా వస్తే పరుద్దామని దాచి ఉంచింది. మడతల దగ్గర పసుపు గీతలు పడ్డాయి. నా మంచం మీద పరుచుకుని పగలే పడుకున్నాను. ఎవరూ వచ్చేది లేదు.